కళ్ళను నమ్మలేకపోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

"నా కళ్ళను నేనే నమ్మలేకపోయాననుకో వదినా!"

ఈ మాట నెలకు ఒక్కసారైనా అనని ఇల్లాలు ఉంటుందా? ఏళ్ళ తరబడి కనిపించని చిన్ననాటి స్నేహితురాలు పెళ్ళి పందిట్లో ఎదురుపడితే ఇదే మాట. ఎన్నేళ్ళుగానో పూతే లేని పెరటి మామిడి ఉన్నట్టుండి విరగకాస్తే ఇదే మాట. బడికి పొమ్మంటే ఏడ్చే పిల్లాడు క్లాసులో మొదటివాడిగా వచ్చినా ఇదే మాట. ఆ తర్వాత మనమంతా చేసే పని కూడా ఒక్కటే! కళ్ళు నులుముకుని మళ్ళీ చూస్తాం. 'కలా, నిజమా' అని చెయ్యి గిల్లుకుంటాం.

ఇంగ్లీషువాళ్ళూ అచ్చం ఈ మాటే అంటారు. కానీ మనకు ఇంతకన్నా ముచ్చటైన మాట ఇంకోటుంది. అది 'కనికట్టు'. కన్నును కట్టేయడం అన్నమాట. గారడీవాడు ఖాళీ బుట్టలోంచి పావురాన్ని తీస్తే కనికట్టు చేశాడంటాం. నిజానికి మన కన్ను కట్టడానికి గారడీవాడే రానక్కరలేదు. రైలుబండి కడుతుంది. కాలవలో నీళ్ళు కడతాయి. బట్టల కొట్లో లైట్లు కడతాయి. ఒక్కోసారి వయసు కూడా కడుతుంది.

ఎందుకిలా? కన్ను చేసే పని వెలుతురును లోపలికి తీసుకోవడం వరకే. వచ్చింది మనిషా, చెట్టా, పామా, తాడా అని తేల్చి చెప్పేది మెదడు. అది పాత అనుభవాలన్నీ తిరగేసి, ఉన్న ఆధారాన్ని బట్టి చటుక్కున ఒక నిర్ణయానికి వస్తుంది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గానే చెబుతుంది. మిగిలిన ఆ ఒక్కసారీ తాడును పామంటుంది. మన పెద్దవాళ్ళు తాడు–పాము సామెత ఊరికే చెప్పలేదు!

అందుకే 'కళ్ళను నమ్మలేకపోతున్నాను' అనిపించిన ఆ క్షణం చాలా విలువైనది. ఎక్కడో ఏదో పొంతన కుదరలేదని మనసు చేస్తున్న హెచ్చరిక అది. ఆ హెచ్చరికను విని ఒక్క నిమిషం ఆగినవాళ్ళ బంగారం నిలిచింది, పిల్లల ప్రాణాలు నిలిచాయి, ఇంట్లో పెద్దవాళ్ళ గౌరవమూ నిలిచింది. ఎలాగంటారా? దూరం పోనక్కరలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ఓసారి చుట్టి, తిరిగి మన వంటింటికి వద్దాం రండి.

తెనాలి స్టేషన్లో కదిలిందెవరు?

తెనాలి జంక్షన్ సంగతి మీకు తెలిసిందే. విజయవాడ నుంచి మద్రాసు వెళ్ళే పెద్ద లైనూ, గుంటూరు లైనూ, రేపల్లె లైనూ అక్కడ కలుస్తాయి. మీ బండి ఆగి ఉంటుంది. పక్క పట్టాల మీద ఇంకో బండి ఆగి ఉంటుంది. కిటికీలోంచి చూస్తుండగా 'హమ్మయ్య, మన బండి కదిలింది' అనుకుంటారు. తీరా చూస్తే కదిలింది పక్క బండి! మనం ఉన్నచోటే ఉన్నాం.

కిటికీ నిండా కనిపించేది కదిలితే, కదిలింది మనమేనని మెదడు లెక్క వేసుకుంటుంది. నడిచేటప్పుడు చుట్టూ ఉన్నవన్నీ వెనక్కి పోవడం పుట్టినప్పటినుంచీ దానికి అలవాటు మరి. దీనికి మందు ఏమిటంటే, ప్లాట్‌ఫారం వైపు తిరిగి ఒక స్తంభాన్ని చూడటమే. స్తంభం కదలడం లేదంటే మనమూ కదలడం లేదు. ఒక కిటికీ చెప్పినదాన్ని ఇంకో కిటికీలోంచి సరిచూసుకోవడం అన్నమాట. ఈ వ్యాసం మొత్తానికీ కీలకం ఇదే.

తెనాలిలోనే ఇంకో వింత ఉంది. శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేస్తారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున ఇలా పాత ఇనుముతోనే తయారుచేసి వార్తల్లోకెక్కారు. ఇలాంటి విగ్రహం దగ్గరికి వెళ్ళి చూస్తే నట్లూ, బోల్టులూ, గొలుసు ముక్కలూ! పది అడుగులు వెనక్కి వేస్తే ముక్కూ, చెంపా, చూపూ! ఇనుప ముక్కలేవీ మారలేదు. మధ్యలో ఉన్న ఖాళీలను మన మెదడే పూరించింది.

ఈ పట్టణానికి నాటకాల ఊరని పేరు. పద్యనాటకాల పిచ్చి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకు మయసభ ఘట్టం గురించి వేరే చెప్పాలా? నీళ్ళున్నచోట నేల అనుకుని, నేల ఉన్నచోట నీళ్ళనుకుని దుర్యోధనుడు పడిన పాట్లు మనకు తెలియనివా! 1957లో వచ్చిన 'మాయాబజార్' మాటేమిటి? ఆ చిత్ర నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి పుట్టింది తెనాలిలోనే. మార్కస్ బార్ట్లే కెమెరా సృష్టించిన ఆ వెన్నెలను చూసి, అది నిజం వెన్నెల కాదంటే ఈనాటికీ నమ్మబుద్ధి కాదు. అయితే సినిమాకి టిక్కెట్టు కొనుక్కుని మరీ మోసపోతాం. అది మన సరదా. టిక్కెట్టు లేకుండా జరిగే మోసాల దగ్గరే జాగ్రత్త కావాలి.

సూర్యలంకలో లేని సూర్యుడు

బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక సముద్రతీరం. సెలవులొస్తే పిల్లల్ని తీసుకుని వెళ్ళేవాళ్ళు ఎందరో. తెల్లవారుజామున నీళ్ళ మీద సూర్యుడి ఎర్రటి అంచు తొంగిచూడగానే అందరూ చేతులు జోడిస్తారు. చిత్రమేమిటంటే, ఆ క్షణానికి సూర్యుడు ఇంకా పైకి రానే లేదు! నేల అంచుకు కిందే ఉన్నాడు. గాలి పొరల గుండా వస్తూ వెలుతురు కాస్త వంగుతుంది. అందువల్ల అసలు ఉదయానికి దాదాపు రెండు నిమిషాల ముందే మనకు దర్శనమిస్తాడు. కన్నులారా చూసినదే, అయినా అక్కడ లేనిదే!

పున్నమి చంద్రుడూ అంతే. సముద్రం అంచున ఉదయించేటప్పుడు పెద్ద ఇత్తడి తాంబాళంలా ఉంటాడు. నడినెత్తికి వచ్చేసరికి వెండి గిన్నెంత అయిపోతాడు. నిజంగా చిక్కిపోయాడా? ఈ పున్నమికి మీ డాబా మీదే పరీక్షించి చూడండి. చెయ్యి బారచాపి, ఒక కన్ను మూసి, చిటికెన వేలి గోరుతో చంద్రుణ్ణి కప్పండి. ఉదయించినప్పుడూ ఆ గోరే కప్పేస్తుంది, నడిరాత్రీ ఆ గోరే కప్పేస్తుంది. చంద్రుడి సైజు మారలేదు. చెట్లూ, ఇళ్ళూ, నీటి అంచూ పక్కన ఉన్నప్పుడు మన మెదడు వేసుకునే లెక్కే మారింది. పిల్లల చేత చేయించండి, ఎంత సంబరపడతారో!

రేపల్లె కాలవ ఎంత లోతు?

ఇంతవరకూ సరదాలే. రేపల్లె వైపు వెళితే మాత్రం విషయం సరదా కాదు. కృష్ణా డెల్టా అంటే నీళ్ళ దేశం. ఏటి ఒడ్డూ, పంట కాలవలూ, చెరువులూ, బావులూ. సెలవుల్లో పిల్లలు ఇంట్లో కంటే నీళ్ళలోనే ఎక్కువసేపు ఉంటారు.

గాజుగ్లాసులో నీళ్ళు పోసి చెంచా వేయండి. నీటి అంచు దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగడమే దీనికి కారణం. అదే కారణం వల్ల తేట నీళ్ళకు లోతు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. నిలబడి కిందికి చూస్తే, ఉన్న లోతులో ముప్పాతిక వంతే కంటికి ఆనుతుంది. అంటే 8 అడుగుల లోతు 6 అడుగులుగా, 4 అడుగుల లోతు 3 అడుగులుగా కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగానే తోస్తుంది.

'నడుము లోతే కదమ్మా, అడుగు కనబడుతోందిగా!' అని దిగిన పిల్లాడికి నీళ్ళు గుండెల దాకా వస్తాయి. ఈత రాని పిల్లాడికి ఆ తేడా చాలు. కనక 'అడుగు కనబడుతోంది కాబట్టి భయం లేదు' అన్నమాట మీ ఇంట్లో వినబడకూడదు. కర్రతో లోతు చూసిన తర్వాతే, పెద్దవాళ్ళు తోడుంటేనే నీళ్ళలోకి. కన్ను చెప్పినదాన్ని కర్రతో సరిచూడటమన్నమాట!

ఈ తీరం మరో పాఠం కూడా నేర్పింది. కంటికి కనిపించింది నిజం కాకపోవచ్చు, సరే. కంటికి కనిపించనిది అబద్ధమనీ అనుకోకూడదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో రేపల్లెకు ఏటి ఆవలనున్న దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. సముద్రం ఊళ్ళ మీదికి వస్తుందని, తాటిచెట్టు లోతున నీళ్ళు వస్తాయని ఎవరైనా చెబితే మాత్రం ముందురోజు నమ్మేవాళ్ళా? 2023 డిసెంబరు 5న 'మిచాంగ్' తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈమధ్య కాలంలో ఉపగ్రహాలు ఆకాశం నుంచి కాపలా కాస్తున్నాయి. తుపాను పుట్టుక మన కంటికి కనబడకముందే వాటికి కనబడుతుంది. 'ఎండ కాస్తోంది కదా, ఇప్పుడు ఇల్లు వదలడమెందుకు' అని పెద్దవాళ్ళు మొరాయిస్తే, మన కిటికీ ఒక్కటే కిటికీ కాదని నెమ్మదిగా చెప్పి బయల్దేరదీయవలసింది ఇల్లాలే.

గుమ్మంలోకి వచ్చే కనికట్టు

ఇక మన ఇంటికి వద్దాం. మధ్యాహ్నంవేళ, మగవాళ్ళు ఇంట్లో లేని సమయం చూసి, టక్కు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు వస్తారు. ముందు ఇత్తడి చెంబు అడుగుతారు. తళతళా మెరిపించి ఇస్తారు. తరువాత వెండి పట్టీలు. నల్లబడినవి తెల్లగా మల్లెపువ్వుల్లా తయారవుతాయి. 'కళ్ళను నమ్మలేకపోతున్నా'మని మనం అనుకునే వేళకి, 'మెళ్ళో గొలుసు కూడా ఇవ్వండమ్మా, డబ్బులేమీ వద్దు' అంటారు.

ఆగవలసిన నిమిషం ఇదే! వాళ్ళ దగ్గర ఉండే ద్రావకాల్లో నత్రికామ్లం, హైడ్రోక్లోరికామ్లం కలిపిన 'ద్రవరాజం' ఉండొచ్చు. బంగారాన్ని కరిగించగల ద్రావకం అది. గొలుసు అందులో మునిగి తేలితే పైపొర కరిగి మెరుపు పెరుగుతుంది. తూకం తగ్గుతుంది. మెరుపును చూసేది కన్ను. తూకాన్ని చూసేది తక్కెడ. ఆ గ్రాములన్నీ వాళ్ళ సీసాలో ఉంటాయి, తరువాత మళ్ళీ బంగారంగా తీసుకుంటారు. ఇంకొందరు గొలుసును పసుపుతో కలిపి గిన్నెలో పెట్టి, 'అరగంట తర్వాత మూత తీయండి' అని చెప్పి పోతారు. మూత తీస్తే పసుపే ఉంటుంది!

కొనేటప్పుడూ కంటిని ఒక్కదాన్నే నమ్మకండి. 22 కేరట్ల నగ మీద 916 అంకె, బి.ఐ.ఎస్. ముద్ర ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్.యు.ఐ.డి. సంఖ్య ఉండి తీరాలి. ఫోనులో 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. పిల్లలకు చెబితే రెండు నిమిషాల్లో చూసి పెడతారు.

ఇంకో రకం అతిథి వస్తాడు. 'ఇంట్లో దోషముందమ్మా' అంటూ తెల్లని నీళ్ళు అరచేతిలో పోస్తాడు. నీళ్ళు రక్తంలా ఎర్రబడతాయి! మీకు చెమటలు పడతాయి. అమ్మా, ఒక్కసారి ఆలోచించండి. కాళ్ళకు పెట్టుకునే పారాణి ఎలా చేస్తాం? దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా కలుపుతాం? పసుపూ, సున్నమూ కలిపితేనే కదా! ముందే చేతికి పసుపు రాసుకుని సున్నపు తేట నీళ్ళు పోస్తే ఎర్రబడక ఏమవుతాయి? నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడం కూడా ఇలాంటిదే. చాకుకు ముందే మందారపూవు రసం పట్టించి ఉంచితే, నిమ్మ పులుపు తగలగానే ఎర్రబడుతుంది. రోజూ మన చేతిలో జరిగే రసాయనంతో మనల్నే బెదిరించడమంటే ఎంత ధైర్యం!

1995 సెప్టెంబరు 21 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వినాయకుడు పాలు తాగుతున్నాడని ఢిల్లీలో మొదలైన మాట ఒక్కరోజులో దేశమంతా పాకింది. విదేశాల్లోని గుళ్ళకూ పోయింది. చెంచా తొండానికి ఆనించగానే పాలు తగ్గిపోవడం లక్షలాది మంది కళ్ళారా చూశారు. వాళ్ళెవరూ అబద్ధమాడలేదు. చెంచాలో పాలు తగ్గిన మాట నిజమే. ఎక్కడికి పోయాయన్నదే ప్రశ్న. శాస్త్రజ్ఞులు పాలల్లో రంగు కలిపి చూశారు. విగ్రహం మీదుగా పల్చటి పొరలా పాలు కిందికి జారడం ఆ రంగు వల్ల బయటపడింది. ద్రవాలకుండే తలతన్యత వల్ల నిండు చెంచా అంచు రాయికి తగలగానే పాలు అటు లాక్కోబడతాయి. తెల్లరాయి మీద తెల్లపాల పొర కంటికి ఆనదు. తడిపిన ఇటుక ముక్కకు చెంచా ఆనించి మీరే చూడవచ్చు. భక్తి వేరు, పరీక్ష వేరు. దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి వింతలు జరిగి తీరాలని ఏమీ లేదు కదా.

బజారులో రంగుల మాయ

కొట్లో చిలకాకుపచ్చ చీర, ఇంటికొచ్చాక పాచిరంగు! ఈ బాధ పడనివారెవరు? బట్ట రంగంటే దాని మీద పడిన వెలుతురులో అది తిప్పి పంపిన భాగమే. లైటు మారితే రంగూ మారుతుంది. జాకెట్టు ముక్క మ్యాచింగు కొట్లో కుదిరి ఎండలో కుదరకపోవడానికీ కారణమిదే. అందుకే మన అమ్మలు చీరను కొట్టు గుమ్మంలోకి పట్టుకొచ్చి ఎండలో చూసేవాళ్ళు. సిగ్గుపడకుండా మీరూ అలాగే చేయండి. పక్కపక్కన పరిచిన చీరల ప్రభావం కూడా ఉంటుంది. ముదురు ఎరుపు పక్కన పెడితే లేత ఆకుపచ్చ మరింత పచ్చగా కనబడుతుంది. నచ్చిన చీరను విడిగా, తెల్లటి గోడ దగ్గర ఓసారి చూడండి.

వంటింటి సామాన్ల రంగును కూడా ఇలాగే ఇంకో కిటికీలోంచి చూడాలి. ఈ చిన్న పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు.

* పసుపు: గ్లాసు నీళ్ళలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకు దిగుతుంది, నీళ్ళు లేతపసుపుగా ఉంటాయి. నీళ్ళు చిక్కటి పసుపురంగు తేలితే అనుమానించాలి.

* కారం: గ్లాసు నీళ్ళ మీద కొంచెం చల్లండి. రంగు చారలు చారలుగా కిందికి దిగితే కృత్రిమ రంగు కలిసినట్టే.

* పచ్చి బఠాణీ: గ్లాసు నీళ్ళలో వేసి అరగంట ఆగండి. నీళ్ళు ఆకుపచ్చగా మారితే రంగు పూసినవి.

* పచ్చిమిర్చి, కాకరకాయ: లిక్విడ్ పారఫిన్‌లో ముంచిన దూదితో తోలు మీద రుద్దండి. దూది పచ్చబడితే పక్కన పడేయండి.

అన్నట్టు, ఇంకో చిట్కా. పెద్ద పళ్ళెంలో వడ్డించిన అన్నం తక్కువగానూ, చిన్న పళ్ళెంలో అదే అన్నం ఎక్కువగానూ కనిపిస్తుంది. ఒళ్ళు తగ్గాలనుకునేవాళ్ళు చిన్న కంచం వాడి చూడండి. అన్నం సరిగా తినని పిల్లలకు పెద్ద కంచంలో పెట్టండి. కనికట్టును మనమూ కాస్త మంచికి వాడుకుందాం!

అత్తగారికి కనబడుతున్నది ఎవరు?

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చివరికి అట్టేపెట్టాను. దయచేసి ఇది పూర్తిగా చదవండి.

ఎనభై ఏళ్ళ అత్తగారు. కళ్ళకు శుక్లాలు ముదిరాయి. ఒక సాయంత్రం 'పెరట్లో ఆ పిల్లలెవరే? పట్టుపరికిణీలు కట్టుకుని ఆడుకుంటున్నారు' అంటుంది. మీరు చూస్తే పెరడు ఖాళీ. ఇంకో రోజు గోడ మీద పూలతీగలు పాకాయంటుంది. మరో రోజు గుమ్మంలో ఎవరో నిలబడ్డారంటుంది. ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. 'మతి పోయింది' అంటారొకరు. 'గాలి సోకింది, తాయెత్తు కట్టించాలి' అంటారింకొకరు. అది విన్న పెద్దావిడ ఇక నోరు విప్పదు. తనలో తనే భయపడుతూ కూర్చుంటుంది.

దీనికి వైద్యంలో ఓ పేరుంది. చార్లెస్ బోనే సిండ్రోమ్. స్విట్జర్లాండుకు చెందిన చార్లెస్ బోనే అనే పండితుడు 1760లో దీన్ని మొదట వివరించాడు. ఆయన తాతగారికి తొంభై ఏళ్ళు కావస్తున్నాయి, చూపు బాగా తగ్గింది. మనుషులూ, పక్షులూ, భవనాలూ కళ్ళ ముందు కనబడేవట. మతి మాత్రం భేషుగ్గా ఉంది. అవి నిజం కావని ఆయనకే తెలుసు.

కారణం మనం మొదట చెప్పుకున్నదే. చూసేది కన్నుతోపాటు మెదడు కూడా. శుక్లాలూ, నీటికాసులూ, షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం లాంటి జబ్బులతో కన్ను పంపే సమాచారం తగ్గిపోతే, మెదడు ఊరుకోదు. తన దగ్గరున్న పాత బొమ్మలతో ఆ ఖాళీని నింపుతుంది. తెనాలి ఇనుప విగ్రహంలో ఖాళీలను పూరించినట్టే! ఇది పిచ్చి కాదు, గాలీ ధూళీ అంతకన్నా కాదు. సాధారణంగా ఆ బొమ్మలు కనిపిస్తాయే తప్ప మాట్లాడవు. చూస్తున్నవాళ్ళకు కూడా అవి నిజం కావని చాలావరకు తెలుస్తూనే ఉంటుంది.

మరి మనమేం చేయాలి?

ముందు వినాలి. 'ఏం కనబడుతోంది అత్తయ్యా? మాటలేమైనా వినబడుతున్నాయా?' అని నెమ్మదిగా అడగండి. ఎగతాళి చేయకండి, వాదించకండి. 'మీ కళ్ళు మసకబారడం వల్ల ఇలా జరుగుతుందట, చాలామందికి ఉంటుందట' అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆవిడ గుండె బరువు సగం దిగుతుంది. గదిలో మంచి వెలుతురు ఉంచండి. బొమ్మ కనబడినప్పుడు కళ్ళు ఆర్పమనండి, చూపు కుడిఎడమలకు తిప్పమనండి. చాలాసార్లు మాయమవుతుంది.

తరువాత కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. శుక్లాలైతే ఆపరేషనుతో చూపు వస్తుంది, చూపు రాగానే ఈ బొమ్మలు తగ్గిపోయే అవకాశం ఎక్కువ. మన ప్రాంతంవాళ్ళకు పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ దగ్గర తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అందుబాటులో ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లోనూ శుక్లాల ఆపరేషన్లు చేస్తారు.

మాటలు కూడా వినబడుతున్నా, కనబడేవి నిజమేనని గట్టిగా నమ్మి భయపడుతున్నా, జ్వరం ఉన్నా, కొత్త మందు మొదలుపెట్టాక వచ్చినా, మతిమరుపు పెరిగినా అది వేరే జబ్బు కావచ్చు. ఫిజీషియన్‌కు కూడా చూపించాలి. ఇక వయసుతో నిమిత్తం లేకుండా ఎవరికైనా సరే, కళ్ళ ముందు ఉన్నట్టుండి మెరుపులు వచ్చినా, నల్లటి తెర దిగినట్టున్నా, దీపం చుట్టూ రంగుల వలయాలతోపాటు కన్ను విపరీతంగా నొప్పి పెట్టినా, ఒకటి రెండుగా కనిపించినా పొద్దుటిదాకా ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. చూపు ఒక్కసారిగా పోవడం, మూతి వంకరపోవడం, చెయ్యి పట్టు తప్పడం కలిసి వస్తే పక్షవాతం కావచ్చు. ప్రతి నిమిషమూ విలువైనదే.

గొలుసు పోతే మళ్ళీ చేయించుకోవచ్చు. చీర రంగు కుదరకపోతే జాకెట్టు మార్చుకోవచ్చు. కానీ 'నాకు కనబడుతోంది' అని చెప్పిన పెద్దావిడను పిచ్చిదని ముద్ర వేస్తే, ఆ దెబ్బ మానదు. ఆవిడ కళ్ళను ఆవిడే నమ్మలేకపోతున్న సమయంలో, నమ్మి పక్కన కూర్చునే మనిషి ఒకరు కావాలి. ఈ వారం మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి పెద్దవాళ్ళుంటే కాసేపు మంచం దగ్గర కూర్చుని, 'ఈమధ్య చూపు ఎలా ఉంది?' అని అడిగి చూడండి. చెప్పడానికి ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తూ ఉండవచ్చు!